గాలి రుజువయ్యాకే మంట

బాయిలర్ గదికి గాలి ఫ్యాన్ పెట్టే పనిని చాలాచోట్ల డక్టులు, అంటే గాలిగొట్టాలు, వేసే పనివాళ్ళకు అప్పజెప్పేస్తారు. వాళ్ళు గోడకు కన్నం కొట్టి, ఫ్యాన్ బిగించి, స్విచ్ వేసి, చెయ్యి అడ్డుపెట్టి గాలి తగులుతోందని చూసి వెళ్ళిపోతారు. బర్నర్ వైరింగ్ జోలికి పోరు. అది వేరే కాంట్రాక్టు, వేరే మనిషి పని. బాయిలర్లను, వేడిగాలి యూనిట్లను, పెద్ద వాటర్ హీటర్లను మొదటిసారి వెలిగించి అప్పగించే పనిలో చాలాకాలంగా ఉన్నాను. అందుకే ఈ విషయంలో నా మాట గట్టిగానే చెప్తాను. మంటకు గాలి అందించే ఫ్యాన్ బర్నర్‌లో ఒక భాగం. గాలి ఆగినప్పుడు బర్నర్ దానంతటదే ఆగిపోయే ఏర్పాటు చెయ్యలేని చోట ఆ ఫ్యాన్ బిగించకపోవడమే మేలు.

ముందు మంటకు ఎంత గాలి కావాలో చూద్దాం. ఒక ఘనపు మీటరు సహజవాయువు పూర్తిగా కాలాలంటే దాదాపు 10 ఘనపు మీటర్ల గాలి కావాలి. ప్రొపేన్‌కైతే 24. కిలో డీజిల్‌కు 14 కిలోలకు పైగా గాలి పోతుంది. ఇది కాగితం మీది లెక్క. నిజమైన బర్నర్‌లో ఇంధనం, గాలి అంత చక్కగా కలవవు కాబట్టి మరో 15, 20 శాతం ఎక్కువే ఇవ్వాలి. 500 కిలోవాట్ల గ్యాస్ బాయిలర్ గంటకు 50 ఘనపు మీటర్ల వరకూ గ్యాస్ కాలుస్తుంది. అంటే ఒక్క మంటకే గంటకు 600 ఘనపు మీటర్ల గాలి. పొగగొట్టం మొదట్లో డ్రాఫ్ట్ హుడ్, అంటే గదివైపు తెరిచి ఉండే గొడుగులాంటి భాగం, ఉన్న రకమైతే, పొగతో కలిసి పైకి పోయే గదిగాలి దీనికి అదనం.

అమెరికాలో పాటించే నేషనల్ ఫ్యూయల్ గ్యాస్ కోడ్, అంటే ఎన్‌ఎఫ్‌పీఏ 54, ఫ్యాన్‌తో గాలి ఇచ్చే గదులకు కనీస లెక్క ఒకటి చెప్పింది. గంటకు 1,000 బీటీయూల (బీటీయూ అంటే వేడికి ఒక కొలత) చొప్పున నిమిషానికి 0.35 ఘనపుటడుగులు. మెట్రిక్‌లోకి మారిస్తే కిలోవాట్‌కు గంటకు సుమారు 2 ఘనపు మీటర్లు. పై బాయిలర్‌కు వెయ్యి అన్నమాట. ఇక్కడ కిలోవాట్లంటే లోపలికి వెళ్ళే ఇంధనపు వేడి, నీళ్ళకు చేరే వేడి కాదు. నేమ్‌ప్లేట్ మీద రెండు అంకెలూ ఉంటాయి, తొందరలో చిన్న అంకె పట్టుకునేవాళ్ళను చూశాను. ఆ గదిలో నాలుగు యంత్రాలుంటే నాలుగూ ఒకేసారి పూర్తిగా మండుతున్నట్టే లెక్క వెయ్యాలి. "అన్నీ ఒకేసారి నడవవులెండి" అనే మాట మీద ఫ్యాన్ సైజు తగ్గించకూడదు. బయట చలి ముదిరిన రాత్రి అన్నీ ఒకేసారి నడుస్తాయి.

గాలి చాలకపోతే మంట మర్యాదగా ఆరిపోదు. అక్కడే అసలు ప్రమాదం. ఆక్సిజన్ తగ్గిన మంట కార్బన్ డయాక్సైడ్ బదులు కార్బన్ మోనాక్సైడ్‌ను వదలడం మొదలుపెడుతుంది. దీనికి రంగు లేదు, వాసన లేదు. రక్తంలో హిమోగ్లోబిన్‌ను ఆక్సిజన్ కంటే 200 రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది. అమెరికా వృత్తి భద్రతా పరిశోధన సంస్థ నియోష్ పనిచోట్లకు సూచించిన హద్దు ఎనిమిది గంటల సగటున 35 పీపీఎం, అంటే గాలిలో పది లక్షల పాళ్ళకు 35 పాళ్ళు. 1,200 పీపీఎం అంటే ప్రాణానికి తక్షణ ప్రమాదమని అదే సంస్థ చెబుతుంది. మొదట తలనొప్పి, వికారం, నీరసం వస్తాయి. జలుబో జ్వరమో అనుకుని మనిషి అదే గదిలో కూర్చుండిపోతాడు.

దీనికి తోడు గది ఒత్తిడి పడిపోతుంది. తలుపులు బిగుతుగా మూసిన గదిలోంచి బర్నర్ గాలి లాగుతూనే ఉంటుంది, బయటినుంచి పూరించేది ఉండదు. సహజంగా పొగ పైకి పోయే చిమ్నీలో లాగుడు చాలా బలహీనం. మామూలుగా అది కొన్ని పాస్కల్స్ మాత్రమే, బాగా వేడెక్కిన పొడుగాటి గొట్టంలో రెండు మూడు పదులు. మన చుట్టూ ఉన్న వాతావరణ పీడనం లక్ష పాస్కల్స్ పైన ఉంటుందని గుర్తుచేసుకుంటే ఆ లాగుడు ఎంత సున్నితమో తెలుస్తుంది. గదిలో ఒత్తిడి బయటికంటే ఆ లాగుడును మించి తగ్గిందంటే చిమ్నీ తిరగబడుతుంది. పైకి పోవాల్సిన పొగ గదిలోకి దిగుతుంది. ఆ పొగనే బర్నర్ మళ్ళీ పీలుస్తుంది, మంట ఇంకా చెడుతుంది, మోనాక్సైడ్ ఇంకా పెరుగుతుంది. ఇది ఒకసారి మొదలైతే నిమిషాల్లోనే ముదురుతుంది.

అలాగని ప్రతి గదికీ ఫ్యాన్ కావాలని నేననను. గోడకు అటువైపు ఆరుబయలే ఉంటే ఫ్యాన్ మాట ఎత్తకుండా కన్నాలు పెట్టమనే చెప్తాను. అదే కోడ్ చెప్పే పద్ధతుల్లో ఒకదాని ప్రకారం నేరుగా బయటికి తెరుచుకునే కన్నాలు రెండు పెట్టాలి. పైకప్పుకు 12 అంగుళాల లోపు మొదలయ్యేలా ఒకటి, నేలకు 12 అంగుళాల లోపు మొదలయ్యేలా ఒకటి. ఒక్కొక్కదానికీ కిలోవాట్‌కు 550 చదరపు మిల్లీమీటర్ల ఖాళీ ఉండాలి. 500 కిలోవాట్లకు ఇది 0.275 చదరపు మీటరు. ఇనుప లూవర్, అంటే ఏటవాలు రేకుల చట్రం, పెడితే రేకులు కొంత అడ్డుకుంటాయి కాబట్టి, తయారీదారు లెక్క ఇవ్వనప్పుడు ఖాళీ 75 శాతమే అనుకోవాలి. అంటే కన్నం 60 సెంటీమీటర్ల చదరానికి కాస్త పైన రావాలి. అంత కన్నానికి కరెంటు అక్కర్లేదు, బెల్టు తెగదు, మోటార్ కాలిపోదు. ఫ్యాన్ పెట్టడమంటే చెడిపోగల యంత్రాన్ని ఒకదాన్ని ఆ గది ప్రాణవాయువుకు మధ్యవర్తిగా పెట్టడం. గది నేలమాళిగలోనో భవనం నడుమనో ఉండి, బయటికి పొడుగాటి డక్టు తప్ప దారి లేనప్పుడే ఆ మధ్యవర్తిని ఒప్పుకోవాలి. ఒప్పుకున్నాక దాని చెడిపోవడానికి కూడా జవాబు సిద్ధం చెయ్యాలి.

ఫ్యాన్ ఎంపికలో జనం రెండు వైపులా తప్పుతారు. కేటలాగ్‌లో పెద్దక్షరాలతో వేసే గాలి లెక్క ఎదురొత్తిడి ఏమీ లేనప్పటిది. లూవర్, జాలీ, డ్యాంపర్ (గాలిదారిని తెరిచి మూసే రేకు), రెండు మలుపుల డక్టు, ఫిల్టర్ ఉంటే అదీ, అన్నీ కలిపి ఎంత అడ్డు పెడతాయో లెక్కేసి, ఆ ఒత్తిడి దగ్గర ఫ్యాన్ ఎంత ఇస్తుందో దాని గ్రాఫ్‌లో చూడాలి. వేడి ప్రదేశాల్లో, ఎత్తైన కొండల మీద గాలి పలచబడుతుంది. 20 డిగ్రీల గాలితో పోలిస్తే 40 డిగ్రీల గాలిలో అదే ఘనపరిమాణానికి 6 శాతం తక్కువ ఆక్సిజన్ ఉంటుంది. సముద్రమట్టానికి వెయ్యి మీటర్ల ఎత్తున అది 10 శాతం దాకా తగ్గుతుంది. ఇది మొదటి వైపు.

రెండో వైపు, ఎందుకైనా మంచిదని రెండింతల ఫ్యాన్ పెట్టేవాళ్ళు. గదిని ఊదేస్తే గదిలో గాలి పక్క వరండాలోకి, మెట్లదారిలోకి నెట్టుకుపోతుంది, పొరపాటున పొగ లీకైతే అదీ దానితోనే పోతుంది. తెరిచిన బర్నర్ల మంట చెదురుతుంది, పెద్ద మంటను వెలిగించే చిన్న మంట, పైలట్, ఆరిపోతుంది. గది ఒత్తిడి బయటితో సమానంగా గానీ వెంట్రుకవాసి ఎక్కువగా గానీ ఉండాలి. తక్కువ మాత్రం ఎన్నడూ కాకూడదు. ఎక్కువ పోసిన గాలి బయటపడే దారి కూడా డిజైన్‌లోనే ఉండాలి. గాలి ప్రవాహం బర్నర్ మొహం మీద పడకుండా పక్కకు మళ్ళించాలి. అదే గదిలోనో, దానితో తలుపు పంచుకునే గదిలోనో ఎగ్జాస్ట్ ఫ్యాన్ ఉంటే అది లాగే గాలిని మొత్తంగా మన లెక్కకు కలపాలి. వంటగది హుడ్, లాండ్రీ డ్రయ్యర్ లాంటివి ఒక్కోటి బాయిలర్ కంటే ఎక్కువ గాలి లాగుతాయి.

గాలి ఎక్కణ్ణించి తీసుకుంటున్నామన్నది ఇంకో సంగతి. వాహనాలు ఇంజన్ ఆన్‌లో ఉంచి ఆగే చోటు, చిమ్నీ మూతి, డ్రెయిన్ గాలిగొట్టం, వంటగది ఎగ్జాస్ట్, వీటి దగ్గర్లో ఇన్‌టేక్, అంటే గాలి లోపలికి తీసుకునే మూతి, పెట్టకూడదు. కనీసం మూడు మీటర్ల దూరం పాటించడం సాధారణ నియమం. ఎక్కువమంది మరిచిపోయేది రసాయనాలను. ఈతకొలను క్లోరిన్ గది, డ్రైక్లీనింగ్ ద్రావకాలు, రిఫ్రిజెరెంట్ సిలిండర్లు, కొన్ని శుభ్రపరిచే ద్రవాలు క్లోరిన్, ఫ్లోరిన్ ఉన్న ఆవిర్లు వదులుతాయి. ఆ ఆవిర్లు మంటలోకి వెళ్తే ఆమ్లాలవుతాయి. మంట వేడిని నీళ్ళకో గాలికో చేర్చే, ఏళ్ళు రావాల్సిన హీట్ ఎక్స్‌ఛేంజర్‌ను అవి కొన్ని నెలల్లోనే తినేయగలవు, తుప్పు పట్టిన కన్నాల్లోంచి పొగ గదిలోకి వస్తుంది. మంచు పడే ప్రదేశాల్లో ఇన్‌టేక్ మూతి మంచు పేరుకునే ఎత్తుకు పైన ఉండాలి. లోపలికొచ్చే చలిగాలి నీళ్ళ పైపుల మీద పడితే గడ్డకట్టి పగులుతాయి కనుక దాన్ని కాస్త వేడిచేసే కాయిల్ గానీ, దారి మళ్ళించే రేకు గానీ పెట్టాలి. జాలీ కన్నాలు పావు అంగుళం కంటే సన్నగా ఉండకూడదు. సన్నజాలీ దూదికీ ఆకులకూ త్వరగా మూసుకుపోతుంది.

బిగింపు గురించి పెద్దగా చెప్పను, అది చేసేవాళ్ళకు తెలిసిన పనే. ఫ్యాన్ బరువు డక్టు మీద పడకుండా భవనపు దూలానికో గోడకో ఆనాలి. కింద వైబ్రేషన్ ప్యాడ్లు, డక్టుకు మధ్య మెత్తటి కనెక్టర్, బెల్టుకు గార్డు, చేతికందే చోట ఇన్‌లెట్‌కు జాలీ. ఫ్యాన్ దగ్గర నిలబడి కనిపించేంత దూరంలో ఐసోలేటర్, అంటే కరెంటును పూర్తిగా తెంచే స్విచ్. తాళం వేసి, ట్యాగు కట్టి, కరెంటు లేదని మీటర్‌తో చూశాకే లోపల చెయ్యి పెట్టాలి. గ్యాస్ వాల్వుకూ అదే నియమం.

కరెంటు కలిపాక మొట్టమొదట చూడాల్సింది తిరిగే దిక్కు. త్రీఫేజ్ మోటార్‌కు రెండు ఫేజులు తారుమారైతే అది వెనక్కి తిరుగుతుంది. సెంట్రిఫ్యూగల్ ఫ్యాన్ (డొప్పలో తిరిగే చక్రం గాలిని పక్కకు విసిరే రకం) వెనక్కి తిరిగినా గాలి అదే దిక్కున వస్తుంది, కాకపోతే బాగా తక్కువ వస్తుంది. చెయ్యి అడ్డుపెడితే తగులుతుంది, ఎవరూ అనుమానించరు. టేబుల్ ఫ్యాన్‌లా నేరుగా ముందుకు ఊదే యాక్సియల్ ఫ్యాన్ అయితే ఇంకా ఘోరం. గదిలోకి ఊదాల్సింది గదిలోంచి లాగేస్తుంది. గాలి ఇవ్వడానికి పెట్టిన యంత్రమే చిమ్నీని తిరగబెడుతుంది. మొదటిరోజు సరిగా ఉన్నది ఆరునెలల తర్వాత తప్పవచ్చు కూడా. ఎవరో మెయిన్ కేబుల్ మార్చి ఫేజులు తిప్పి కలుపుతారు, లేదా జనరేటర్ ఫేజుల వరస వేరుగా ఉంటుంది. అందుకే త్రీఫేజ్ ఫ్యాన్ ఉన్న ప్రతి బాయిలర్ గదికీ ఫేజుల వరస తప్పితే పట్టుకుని ఆపేసే ఫేజ్ సీక్వెన్స్ రిలే పెట్టమని అడుగుతాను.

ఇక ఇంటర్‌లాక్, అంటే ఒకటి నడిస్తేనే రెండోది నడిచేలా కట్టే ఏర్పాటు. యంత్రంతో గాలి ఇచ్చే చోట ఆ యంత్రం నడవనప్పుడు మెయిన్ బర్నర్ నడవకుండా ఇంటర్‌లాక్ ఉండాలని ఎన్‌ఎఫ్‌పీఏ 54 స్పష్టంగా అడుగుతుంది. అసలు తగాదా అంతా "నడుస్తోంది" అన్నదాన్ని ఎలా తేలుస్తామన్న దగ్గర వస్తుంది. చవకైన పద్ధతి, ఫ్యాన్ మోటార్‌కు కరెంటు కలిపే పెద్ద స్విచ్, అంటే కాంటాక్టర్, మీద ఉండే అదనపు కాంటాక్ట్‌ను బర్నర్ సర్క్యూట్‌లో కలిపేయడం. కాంటాక్టర్ లాగిందంటే మోటార్‌కు కరెంటు వెళ్ళిందని మాత్రమే తెలుస్తుంది. నేను తనిఖీకి వెళ్ళిన ఒక బాయిలర్ గదిలో బెల్టు తెగి నేల మీద పడి ఉంది, మోటార్ హాయిగా తిరుగుతోంది, ప్యానెల్ మీద ఆకుపచ్చ దీపం వెలుగుతోంది, మూడు బర్నర్లూ మండుతున్నాయి. షిఫ్టు ఆపరేటర్ తలనొప్పి మాత్ర వేసుకుని తలుపు వేసుకుని కూర్చున్నాడు. మోనాక్సైడ్ కొలిచే మా అనలైజర్ తలుపు దగ్గరే కూత పెట్టింది. ఆ రోజు ఆయన నడిచి బయటికి రాగలిగాడు. ఆ వైరింగ్ గీసిన బొమ్మలో మాత్రం "ఇంటర్‌లాక్" అనే ఉంది.

రుజువు చెయ్యాల్సింది కరెంటును కాదు, గాలి కదలికను. అందులోనూ మెలిక ఉంది. చాలామంది ఫ్యాన్‌కు ముందొక గొట్టం, వెనకొక గొట్టం పెట్టి మధ్యలో ఆ రెండు చోట్ల ఒత్తిడి తేడాకు పనిచేసే డిఫరెన్షియల్ ప్రెజర్ స్విచ్ కడతారు. బెల్టు తెగితే అది పట్టుకుంటుంది. కానీ ఇన్‌టేక్ జాలీ మూసుకుపోతే? ఫ్యాన్ తిరుగుతూనే ఉంటుంది, దారి మూసుకుపోయిన కొద్దీ ఫ్యాన్‌కు ముందూ వెనకా ఒత్తిడి తేడా తగ్గదు, పెరుగుతుంది. స్విచ్ నిక్షేపంగా మూసుకునే, అంటే కరెంటును పోనిస్తూనే, ఉంటుంది. గాలి లేదు, రుజువు మాత్రం ఉంది! అందుకే డక్టులో గాలి తాకితే కదిలే సెయిల్ స్విచ్ గానీ, గాలి వేగపు ఒత్తిడిని పట్టే ప్రోబ్‌తో ప్రెజర్ స్విచ్ గానీ వాడాలన్నది నా పట్టుదల. స్విచ్ ఎక్కడ తెరుచుకోవాలన్నది ఫ్యాక్టరీ సెట్టింగ్‌కు వదిలెయ్యకూడదు. ఇన్‌టేక్‌ను అట్టముక్కతో కొద్దికొద్దిగా మూస్తూ, గాలి మన కనీస లెక్కకు దిగకముందే బర్నర్ ఆగేలా స్క్రూ తిప్పి, తర్వాత దానికి సీలు వెయ్యాలి.

వరస ఇలా ఉండాలి. వేడి కావాలని కంట్రోలర్ అడుగుతుంది. ముందుగా గాలి స్విచ్ తెరిచి ఉందో లేదో చూస్తుంది. ఫ్యాన్ ఇంకా మొదలుకాకముందే అది మూసి ఉంటే ఇరుక్కుపోయిందని గానీ, ఎవరో వైరు కలిపేశారని గానీ అర్థం, అక్కడే ఆగిపోవాలి. తర్వాత డ్యాంపర్ తెరుచుకుంటుంది, పూర్తిగా తెరిచినట్టు దాని ఎండ్ స్విచ్ చెప్తుంది, ఫ్యాన్ మొదలవుతుంది, గాలి రుజువవుతుంది, అప్పుడు మాత్రమే బర్నర్‌కు అనుమతి. ఆపైన బర్నర్ తన సొంత పర్జ్ చేసుకుని, అంటే లోపల మిగిలిన గ్యాస్‌ను గాలితో ఊదేసుకుని, వెలుగుతుంది. నడుమలో గాలి తగ్గితే గ్యాస్ వాల్వు మూసుకోవాలి. ఆరిన తర్వాత కూడా ఫ్యాన్ కొంతసేపు తిరగాలి. ఒకే ఫ్యాన్ మూడు యంత్రాలకు గాలి ఇస్తుంటే మూడింటికీ విడివిడిగా రిలే కాంటాక్టులు ఇవ్వాలి. ఒక్క కాంటాక్టుకే మూడు కంట్రోల్ సర్క్యూట్లు కలిపితే ఒక ట్రాన్స్‌ఫార్మర్ కరెంటు ఇంకోదానిలోకి ఎదురెక్కి, ఆగాల్సిన వాల్వు తెరిచే ఉండిపోవచ్చు.

నాతో వాదించేవాళ్ళు చెప్పే మాటలు మూడున్నాయి. బర్నర్‌లోనే ఎయిర్ స్విచ్ ఉందిగా అని ఒకటి. ఉంది, అది బర్నర్ సొంత బ్లోయర్ తిరుగుతోందని చెబుతుంది. ఆ బ్లోయర్ పీల్చేది బయటి గాలినా, గదిలోకి దిగిన పొగనా అన్నది దానికి పట్టదు. మంటను చూసే సెన్సార్ ఉందిగా అని రెండోది. ఆక్సిజన్ చాలక పసుపుపచ్చగా, పొడుగ్గా ఊగే మంట కూడా సెన్సార్‌కు మంటే. మూడోది, మోనాక్సైడ్ అలారం పెట్టాంగా అని. పెట్టాల్సిందే, నేనూ పెట్టమంటాను. అయితే అది విషం గదిలోకి వచ్చాక మోగేది. గాలి స్విచ్ విషం పుట్టకముందే ఆపేది. ఒకటుందని రెండోది మానలేం.

ఇవన్నీ సరిగా కట్టిన చోట కూడా చివరికి ఒక చిన్న వైరుముక్క మొత్తాన్ని పాడుచేస్తుంది. అర్ధరాత్రి బర్నర్ ఆగుతుంది, భవనం చల్లబడుతుంది, పైనుంచి ఫోన్లు. స్విచ్ రెండు టెర్మినళ్ళకూ జంపర్ వేస్తే బర్నర్ వెలుగుతుంది, అందరూ మెచ్చుకుంటారు. ఆ ఒత్తిడి ఎలాంటిదో నాకు తెలుసు, ఆ సాంకేతికుణ్ణి దుర్మార్గుడనను. కానీ ఆ స్విచ్ ఆపిందంటే గాలి లేదని చెప్తోంది, లేదా స్విచ్ చెడింది. ఈ రెండింటిలో ఏదో తేల్చుకోకుండా జంపర్ వేయడమంటే నిద్రపోతున్నవాళ్ళ ప్రాణాలను ఆ అనిశ్చితికి అప్పగించడం. చల్లబడ్డ భవనంలో దుప్పట్లు పంచొచ్చు, చిన్న కరెంటు హీటర్లు తెచ్చిపెట్టొచ్చు. జంపర్ వేసి తెల్లారాక తీసేద్దామనుకున్నది నెలల తరబడి అలాగే ఉండిపోవడం నేను చాలా ప్యానెళ్ళలో చూశాను. స్పేర్ స్విచ్ ఒకటి ప్యానెల్ లోపలే కట్టి ఉంచమని యజమానులను బతిమాలేది అందుకే. దాని ఖర్చు మొత్తం పనిలో ఏ మూలకూ రాదు.

అప్పగించే ముందు పరీక్ష గదికి అతి కష్టమైన పరిస్థితిలో చెయ్యాలి. తలుపులన్నీ మూసి, భవనంలో ఎగ్జాస్ట్ ఫ్యాన్లన్నీ పూర్తి వేగంతో నడిపి, బాయిలర్లన్నీ పెద్ద మంటలో పెట్టి, బయటితో పోల్చి గది ఒత్తిడిని మానోమీటర్‌తో కొలవాలి. డ్రాఫ్ట్ హుడ్ ఉన్నచోట మెయిన్ బర్నర్ వెలిగిన ఐదు నిమిషాలకు హుడ్ అంచున పొగ పెట్టి, అది లోపలికి లాగబడుతోందో బయటికి తోయబడుతోందో చూడాలి. పొగగొట్టంలో అనలైజర్ పెట్టి ఆక్సిజన్, మోనాక్సైడ్ రాసుకోవాలి. తలుపు తీసి మళ్ళీ కొలవాలి. తలుపు తీయగానే మంట బాగుపడిందంటే ఫ్యాన్ చాలడం లేదని అర్థం. ఆ తర్వాత కావాలని చెడగొట్టాలి. ఫ్యాన్ బ్రేకర్ దించి, బెల్టు తీసి, ఇన్‌టేక్ మూసి, డ్యాంపర్ మోటార్ వైరు ఊడదీసి, రెండు ఫేజులు మార్చి చూడాలి. ప్రతిసారీ బర్నర్ ఆగాలి, ప్రతిసారీ ప్యానెల్ మీద కారణం కనపడాలి. ఒక్కదానికి ఆగకపోయినా ఆ రోజు అప్పగింత లేదు.

ఈ అంకెలన్నీ తేదీతో సహా ప్యానెల్ తలుపు లోపల అతికించిపెడతాను. ఏటా సర్వీసుకు వచ్చినవాళ్ళు అవే పరీక్షలు మళ్ళీ చేసి పక్కన కొత్త అంకెలు రాయాలి. భవనంలో ఎక్కడైనా కొత్త ఎగ్జాస్ట్ ఫ్యాన్ బిగించినా, బాయిలర్ గది తలుపుకు రబ్బరు పట్టీ వేసినా, కిటికీలు మార్చి బిగుతు పెంచినా ఏడాది గడిచేదాకా ఆగకుండా ఆ వారంలోనే గది ఒత్తిడి మళ్ళీ కొలవాలి.